ఇంటిగుట్టు మీటరుకెరుక

ఇంట్లో సామాను జాబితా రాయమంటే మనం ఫ్రిజ్ రాస్తాం, మిక్సీ రాస్తాం, గ్రైండరు రాస్తాం, అటకమీది ఇత్తడి గంగాళాన్ని కూడా మరిచిపోకుండా రాస్తాం. కరెంటు మీటరు మాత్రం ఎవరమూ రాయం. అది మన సామానని మనకెప్పుడూ అనిపించలేదు మరి. వరండాలో మెయిన్ స్విచ్చి పక్కనో, మెట్లకింద చీకట్లోనో బూజు కప్పుకుని, వెనకాల ఒక బల్లికి కాపురం ఇచ్చి, తన మానాన తను తిరుగుతూ వుండేది. నెలకోసారి కుర్రాడొచ్చి అంకె చూసుకుని బిల్లు చేతిలో పెట్టి పోయేవాడు. బిల్లు చూసి ఓసారి ఉలిక్కిపడేవాళ్ళం. అంతటితో దానికీ మనకీ సంబంధం సరి.

ఆ మీటరు ఇప్పుడు మారుతోంది. దాని స్థానంలో స్మార్ట్ మీటరు వస్తోంది. 2021లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన పథకం కింద దేశమంతటా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని తలపెట్టారు. ఫోనుకి లాగా ముందు డబ్బు వేసుకోవాలి, తరవాత కరెంటు వాడుకోవాలి. ఈ మీటర్ల మీద గొడవలు కూడా బాగానే జరిగాయి. ఎక్కడ చూసినా ఒకటే మాట — మీటరు పరుగెడుతోంది, బిల్లు పెరిగిపోతోంది అని. ఆ తగువు తీర్చడం నిజానికి సులువే. పాత మీటరునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి నెల్లాళ్ళు చూస్తే ఎవరిది నిజమో తేలిపోతుంది.

నా తగువు వేరు. మీటరు జోరుగా తిరుగుతోందా, నెమ్మదిగా తిరుగుతోందా అని కాదు. అది ఏం చూస్తోంది, చూసింది ఎవరికి చెబుతోంది, చెప్పేముందు మనల్ని ఒక్కమాట అడిగిందా లేదా అన్నది నా తగువు. బిల్లు విషయం మగవాళ్ళు వీధిలో తేల్చుకుంటారేమో గానీ, ఈ విషయం మాత్రం మనం తేల్చుకోవలసిందే. ఎందుకంటే అది చూస్తున్నది మనల్ని.

లెక్క చూడండి. పాత మీటరు ఏడాదికి పన్నెండుసార్లు నోరు విప్పేది. కొత్తది అరగంటకో, పావుగంటకో వాడకం రాసి పెట్టుకుంటుంది. అరగంటకొకటి చొప్పున రోజుకి 48 అంకెలు. ఏడాదికి 17,520. పావుగంటకొకటైతే 35,040. పన్నెండు అంకెలు పట్టుకుని మీ ఇంటి గురించి ఎవరైనా ఏం చెప్పగలరు? మే నెలలో వాడకం పెరిగిందనీ, డిసెంబరులో తగ్గిందనీ చెబుతారు. అది చెప్పడానికి మీటరెందుకు, మన వీధి చివర కొబ్బరిబోండాలవాడు కూడా చెబుతాడు. పదిహేడువేల అంకెలు చేతికి వస్తే మాత్రం కథ మారిపోతుంది. ఆ ఇల్లు ఎన్నింటికి నిద్ర లేస్తుంది, ఎన్నింటికి పడుకుంటుంది, ఎన్నిగంటలకి స్నానాలు, మధ్యాహ్నం ఇంట్లో మనిషి వుందా లేదా, రాత్రి రెండింటికి ఎవరు లేచారు, ఏ వారం ఊళ్ళో లేరు — అన్నీ బయటపడతాయి.

అదెలాగ అంటారా? మనం వంటింట్లో వుండి, మెట్లమీద అడుగుల చప్పుడు వినగానే వస్తున్నది మామగారో, పనిమనిషో, బడినుంచి పిల్లలో చెప్పేస్తాం కదా? ఒక్కొక్కరి అడుగు ఒక్కొక్క తీరు. ఇంట్లో యంత్రాలకి కూడా అలాంటి అడుగులున్నాయి. గీజరు వేశామంటే ఒక్కసారిగా రెండువేల వాట్లు లేచి, నీళ్ళు కాగేదాకా అలాగే నిలబడి, ఒక్కసారిగా పడిపోతుంది. నీళ్ళ మోటారు వేసిన క్షణంలో ఎగిరిపడి, ఆ తరవాత సర్దుకుని, ఒక హార్స్‌పవరుదైతే ఏడెనిమిదివందల వాట్ల దగ్గర నడుస్తుంది. ఇస్త్రీ పెట్టె వేడెక్కాక ఆగుతుంది, చల్లారాక మళ్ళీ అందుకుంటుంది. ఫ్రిజ్ రాత్రంతా నూరూ నూటయాభై వాట్లతో కాసేపు మూలిగి, కాసేపు ఊరుకుంటుంది. ఈ అడుగుల చప్పుడు మీటరు దగ్గర కలిసిపోయి వినిపించినా, చెవి పెట్టి వినేవాడుంటే విడదీసి చెప్పగలడు.

అలా వినడం నేర్పినవాడు జార్జ్ హార్ట్. అమెరికాలో ఎం.ఐ.టి.లో 1980లలో పనిచేసిన ఇంజనీరు. ఇంటి లోపలికి అడుగు పెట్టకుండా, ఒక్కొక్క యంత్రానికీ తీగ తగిలించకుండా, బయట మీటరు దగ్గర కొలిచి లోపల ఏ యంత్రం ఎప్పుడు నడిచిందో చెప్పే విద్య అది. 1992లో దాన్ని వివరంగా ప్రచురించాడు. అయితే ఆ పెద్దమనిషిని మెచ్చుకోవాలి. ఈ విద్యతో ఇళ్ళమీద నిఘా వేయవచ్చునని 1989లోనే తనే హెచ్చరిస్తూ ఒక వ్యాసం రాశాడు. తాళంచెవి తయారుచేసినవాడే తలుపు జాగ్రత్త అని చెప్పడం లోకంలో అరుదు. తాళంచెవి అందరూ తీసుకున్నారు. జాగ్రత్త మాత్రం అక్కడే వుండిపోయింది.

ఉన్నమాట చెప్పుకోవాలి గనక చెబుతున్నాను. హార్ట్ పద్ధతికి క్షణక్షణం కొలిచే అంకెలు కావాలి. అరగంటకో అంకె ఇచ్చే మీటరు, మీరు ఉదయం కొబ్బరి పచ్చడి చేశారా, అల్లప్పచ్చడి చేశారా అన్నది చెప్పలేదు. మిక్సీ రెండు నిమిషాల మోత ఆ అరగంటలో కలిసిపోతుంది. కానీ గీజరు కలిసిపోదు. ఏసీ కలిసిపోదు. కరెంటు పొయ్యి కలిసిపోదు. కారుకి ఛార్జింగు పెడితే అసలే కలిసిపోదు. ఇంట్లో మనుషులు లేకపోవడమైతే అరగంట అంకెల్లో అద్దంలో కనబడ్డట్టు కనబడుతుంది. మనం ఊరెళ్ళేటప్పుడు ఏం చేస్తాం? వాకిట్లో ముగ్గు లేకపోతే ఇల్లు ఖాళీ అని దొంగలకి తెలిసిపోతుందని, పక్కింటి పిన్నిగారిని బతిమాలి రోజూ నాలుగు గీతలు గీయించే ఏర్పాటు చేసి మరీ వెడతాం. వాకిట్లో ముగ్గు అబద్ధం చెప్పి కాపాడుతుంది. గోడమీద మీటరు నిజం చెప్పి చేటు తెస్తుంది. ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలు ఊరికే అనలేదు. గోడలకి చెవులుంటాయని కూడా అన్నారు. ఆ చెవులు నెలవాయిదాల మీద కొని తెచ్చి మనింటికే బిగిస్తారని మాత్రం వాళ్ళు వూహించి వుండరు.

ఇంతకీ కరెంటు అమ్మేవాళ్ళకి ఈ గొడవంతా ఎందుకు?

మంచి కారణాలు వున్నాయి. కాదనను. కరెంటు దొంగతనం పట్టాలి. ఎక్కడ లైను పోయిందో మనం ఫోన్ చేయకముందే తెలియాలి. మధ్యాహ్నం ఎండలో సోలారు కరెంటు పుష్కలంగా వస్తుంది, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అది కాస్తా పోతుంది. ఆ ఎగుడుదిగుళ్ళు సర్దాలంటే ఎప్పుడెంత కావాలో తెలియాలి. ఇవన్నీ న్యాయమైన అవసరాలే.

కానీ కథ అక్కడ ఆగలేదు. కరెంటు అమ్మకం పూర్తి వ్యాపారమైపోయిన దేశాలు — బ్రిటన్, ఆస్ట్రేలియాలాంటివి — చూడండి. అక్కడ తీగలు ఒకరివి, అమ్మకం మరొకరిది. అమ్మే కంపెనీలు చాలా వుంటాయి, ఖాతాదారు కోసం పోటీపడుతుంటాయి. అలాంటి చోట యూనిట్లు లెక్కపెట్టి ఊరుకుంటే లాభమేముంది? ఎవరింట్లో ఏ యంత్రం వుందో తెలియాలి. ఎవరింట్లో కారు ఛార్జింగు మొదలైంది, ఎవరి ఏసీ పాతబడి కరెంటు తాగేస్తోంది, ఎవరు పగలంతా ఇంట్లో వుంటారు — ఇవి తెలిస్తే ఎవరికి ఏ రేటు చూపించాలో, ఎవరికి ఏ సరుకు అంటగట్టాలో తెలుస్తుంది. మీటరు అంకెల్ని వడగట్టి ఈ సమాచారం తీసి కరెంటు కంపెనీలకి అమ్మడమే వ్యాపారంగా పెట్టుకున్న సంస్థలు పుట్టాయి. మన దగ్గర అమ్మేదీ తీగలు లాగేదీ ఒకే పంపిణీ సంస్థ. అయినా మీటర్లు బిగించి, ఏళ్ళతరబడి వాటి అంకెలు మోసుకొచ్చి ఇచ్చే పని ప్రైవేటు కాంట్రాక్టర్లకి అప్పగించే పద్ధతే నడుస్తోంది. అంటే మన వంటింటి లెక్క మన చేతి నుంచి కరెంటు ఆఫీసు చేతికి వెళ్ళేలోపలే మరొకరి చేతుల మీదుగా పోతోందన్నమాట.

"అది మీ మంచికేనండీ, మీ వాడకం మీకు తెలిస్తే పొదుపు చేస్తారు" అంటారు. బావుంది. అమెరికాలో ఒక కంపెనీ ఇళ్ళకి ఉత్తరాలు రాసింది — మీ ఇరుగుపొరుగు ఇంత వాడారు, మీరు ఇంత వాడారు అని. పక్కింటావిడతో పోలిక అంటే ఎవరికి పౌరుషం రాదు? వచ్చింది. సుమారు ఆరు లక్షల ఇళ్ళ లెక్క తీసి 2011లో ప్రచురిస్తే, వాడకం సగటున 2 శాతం తగ్గిందని తేలింది. మంచిదే. కానీ ఒక్కమాట గమనించండి. ఆ ఉత్తరం రాయడానికి కావలసింది నెల వాడకం లెక్కే. నేను తెల్లవారుజామున ఎన్నింటికి గీజరు వేశానో దానికి అక్కరలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మీటరు ఎవరి పేరున వుంటుంది? మనలో చాలామంది ఇళ్ళలో ఆయన పేరున వుంటుంది. లేకపోతే మామగారి పేరున. అద్దె ఇల్లయితే ఇంటివారి పేరున. మరి ఆ మీటరులో రాసుకుంటున్న దినచర్య ఎవరిది? తొమ్మిదింటికి ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం ఏడింటికి వచ్చేవారిదా? మనదేశంలో ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో ప్రభుత్వమే లెక్క తీసింది. 2019లో తీసిన లెక్క ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ చేసే మగవాళ్ళయినా నూటికి ఇరవయ్యారుగురే. 2024లో మళ్ళీ లెక్క తీస్తే ఆడవాళ్ళవి 289 అయ్యాయి. అయిదేళ్ళలో పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపల పక్క గడిలో మగవాళ్ళవి చూశాను — 88 అయ్యాయి. వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి. సరిపోయింది!

కనక పగటిపూట మీటరు అంకె పైకి లేచిందంటే దాని వెనక వున్నది చాలా మటుకు ఒక ఆడమనిషి చెయ్యి. మోటారు వేసింది ఆవిడ. గ్రైండరు వేసింది ఆవిడ. బట్టల మిషను వేసింది ఆవిడ. మధ్యాహ్నం రెండింటికి ఒళ్ళు తూలి ఓ అరగంట ఏసీ వేసుకుని నడుం వాల్చింది కూడా ఆవిడే. పేరు ఆయనది, బిల్లు ఆయన ఫోనులో, రోజు మాత్రం ఆవిడది.

ఇప్పుడా రోజు ఆయన ఫోనులో కనబడుతుంది. స్మార్ట్ మీటరుతో పాటు ఒక యాప్ కూడా వస్తుంది గదా. ఎవరి పేరున ఖాతా వుందో వారికి వాడకం ఎప్పటికప్పుడు చూపిస్తుంది. "ఇవాళ మధ్యాహ్నం ఏసీ వేశావా?" అని ఆఫీసునుంచి ఫోను. ఇది నవ్వుతూ అడిగే ఇళ్ళున్నాయి. నవ్వకుండా అడిగే ఇళ్ళూ వున్నాయి. కోడలు ఎన్నింటికి లేచిందో, ఎప్పుడు గడప దాటిందో ఆరా తీసే ఇళ్ళలో ఈ యాప్ ఎలాంటి ఆయుధమవుతుందో నేను చెప్పాలా? పూర్వం ఆరా తీయాలంటే ఆరా తీసేవాళ్ళు కనీసం ఇంట్లో వుండాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు.

విడ్డూరం ఏమిటంటే, ఈ సంగతి అమెరికా సుప్రీంకోర్టుకి కూడా తట్టింది. ఒరెగాన్ రాష్ట్రంలో ఒకడు ఇంట్లో గంజాయి పెంచుతున్నాడని పోలీసులకి అనుమానం. వీధిలో కారులో కూర్చుని, వేడిని పసిగట్టే కెమెరాతో ఆ ఇంటి గోడలు చూశారు. కేసు పైదాకా వెళ్ళింది. వారంటు లేకుండా అలా చూడటం చెల్లదని 2001లో తీర్పు వచ్చింది. గంజాయి కేసులో జస్టిస్ స్కాలియా ఉదాహరణకి తీసుకున్నది ఎవరినో తెలుసా? ఆ ఇంటి ఇల్లాలిని. రోజూ రాత్రి ఆవిడ ఏ వేళకి స్నానం చేస్తుందో కూడా ఇలాంటి యంత్రం బయటపెట్టగలదని రాశారు. గోడ అవతలి వేడిని కొలిచినా, గోడమీది కరెంటుని కొలిచినా, చివరికి బయటపడేది ఇల్లాలి స్నానం వేళ. గీజరు వున్న ప్రతి ఇంట్లో అరగంట మీటరు చెప్పే మొదటి సంగతి అదే.

చూడటంతో అయిపోతే ఒక బాధ. చూశాక సలహాలిస్తారు, అది రెండో బాధ.

2023 జూన్‌లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల నిబంధనలు సవరించింది. స్మార్ట్ మీటరు వున్నచోట వేళని బట్టి రేటు వుండాలంది. ఎండ వున్న వేళ రేటు మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ. రద్దీ వేళ ఇళ్ళకి కనీసం 10 శాతం ఎక్కువ. వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి ఇది రావాలని గడువు పెట్టింది. ఏ రాష్ట్రంలో ఏ వేళ రద్దీ అన్నది అక్కడి విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించాలి. తెలంగాణలో పెద్ద పరిశ్రమలకి రద్దీ వేళలంటే ఉదయం ఆరునుంచి పది, సాయంత్రం ఆరునుంచి పది అని లెక్క వేస్తూ వచ్చారు.

ఉదయం ఆరునుంచి పది! ఆ వేళలో మన ఇళ్ళలో ఏం జరుగుతుందో ఆ లెక్క వేసినవాళ్ళకి తెలుసా? పిల్లల స్నానాలు, టిఫిను, మూడు క్యారేజీలు, నీళ్ళు, ఇస్త్రీ. సాయంత్రం ఆరునుంచి పది — వంట, చదువులు, పెద్దవాళ్ళ ఫలహారం, మర్నాటికి పిండి రుబ్బుకోవడం. ఫ్యాక్టరీవాడు షిఫ్టు మార్చుకుంటాడు. బడిగంట మార్చడం నా చేతుల్లో వుందా? "బట్టల మిషను మధ్యాహ్నానికి మార్చుకోండి" అని సలహా. మధ్యాహ్నం ఇంట్లో వుండేవాళ్ళకి సరే. ఉద్యోగానికి వెళ్ళే ఆవిడ ఏం చేయాలి? సెలవు పెట్టి బట్టలు ఉతుక్కోవాలా? వేళ మార్చమని చెప్పేది కంపెనీ. డబ్బు మిగిలేది కుటుంబానికి. నిద్రో, విశ్రాంతో మానుకుని మార్చవలసింది మాత్రం ఒక్కరే.

ఇది నా ఒక్కదాని గోల కాదు. ఆస్ట్రేలియాలో లారిస్సా నికొల్స్, యొలాండ్ స్ట్రెంజర్స్ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు పిల్లలున్న ఇళ్ళని పరిశీలించి 2015లో ఒక పత్రం ప్రచురించారు. సాయంత్రం బడి వదిలినప్పటినుంచి పిల్లలు పడుకునేదాకా ఆ ఇళ్ళకి ఒక సంసారపు రద్దీ వేళ వుంటుందనీ, రేటు పెంచినంత మాత్రాన ఆ పనులు కదలవనీ చెప్పారు. కరెంటు రంగం మనసులో వున్న ఆదర్శ వినియోగదారుకి స్ట్రెంజర్స్ ఒక పేరు కూడా పెట్టింది — 'రిసోర్స్ మాన్' అని. అంకెలంటే ఇష్టం, యాప్‌లంటే సరదా, రేటు చూసి చటుక్కున స్విచ్చి నొక్కే పెద్దమనిషి. ఆయన చుట్టూ ఏడుస్తున్న పసిపిల్ల వుండదు. మాడుతున్న పోపు వుండదు. మందులవేళ గుర్తుచేయవలసిన అత్తగారు వుండరు. ఆయన్ని దృష్టిలో పెట్టుకుని పథకం వేసి, మనచేత అమలు జరిపించాలని చూస్తున్నారు.

యంత్రాలు చూసి ఇల్లాలి పని అర్థమైపోయిందనుకోవడం పాత జబ్బే. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అని ఒక పుస్తకం రాసింది. పేరులోనే వుంది, అమ్మకి మరింత పని అని. వాషింగ్ మిషను వచ్చింది, కరెంటు పొయ్యి వచ్చింది. వాటితో మగవాళ్ళు కట్టెలు కొట్టే పనిపోయింది, పిల్లలు నీళ్ళు మోసే పనిపోయింది, చాకలి పద్దు పోయింది. ఆ పనులన్నీ వచ్చి అమ్మ ఒక్కదాని మీద పడ్డాయి. యంత్రం నడిచిన అరగంటే మీటరుకి కనబడుతుంది. దానికి ముందు బట్టలు ఏరి, కాలర్లకి సబ్బు పూసి, తరవాత పిండి, ఆరేసి, మడిచి, ఎవరివి వారి బీరువాలో సర్దిన రెండు గంటలు కనబడవు. కనబడని దాన్ని లెక్కలో లేదంటారు. కనబడిన అరగంటని మార్చుకోమంటారు!

"మనకి దాచుకోవలసినవి ఏమున్నాయి?" అని కొందరంటారు. కిటికీకి పరదా ఎందుకు వేసుకుంటాం? లోపల దొంగనోట్లు అచ్చేస్తున్నామనా? నేను అన్నం తింటుండగా వీధివాళ్ళు చూడటం నాకిష్టం లేదు, అంతే. అది చాలదూ? "ఫోనుకి మీ గుట్టంతా ఎప్పుడో తెలుసు కదా" అని ఇంకో మాట. ఫోను నేను కొనుక్కున్నాను. విసుగొస్తే కట్టేస్తాను, ఇంట్లో పడేసి గుడికి వెడతాను. కరెంటు కట్టేసుకుని ఎన్నాళ్ళు బతకను? పైగా, ఈ పంపిణీ సంస్థ నచ్చలేదని ఇంకో దాని దగ్గరికి వెళ్ళే వీలు మనకుందా? కాదనడానికి వీల్లేనివాళ్ళని అడక్కుండా తీసుకోవడం పెద్దమనిషి తరహా కాదు.

కాదన్నవాళ్ళు లోకంలో లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో స్మార్ట్ మీటరు అందరికీ తప్పనిసరి చేస్తూ, వద్దన్నవాళ్ళకి శిక్ష కూడా పెడుతూ బిల్లు తెచ్చారు. ఇంటిగుట్టుకి భంగమని వినియోగదారుల సంఘం పట్టుబట్టింది. 2009లో అక్కడి ఎగువసభ దాన్ని ఆపింది. తరవాత, ఇష్టం లేనివాళ్ళు వద్దనవచ్చునని మార్చాకే 2011లో ఒప్పుకుంది. కాలిఫోర్నియాలో నియంత్రణ మండలి మీటరు సమాచారం ఎవరు ఎందుకు వాడుకోవచ్చో 2011లోనే నియమాలు రాసింది. బ్రిటన్‌లో అంకె నెలకోసారి పంపాలా, రోజుకోసారి పంపాలా, అరగంటకోసారి పంపాలా అన్నది ఎంచుకునే వీలు ఇంటివాళ్ళకి ఇచ్చారు. అమెరికాలో నేపర్‌విల్ అనే ఊళ్ళో మునిసిపాలిటీయే కరెంటు ఇస్తుంది. పావుగంటకోసారి అంకె తీసుకోవడం ఇంటిని సోదా చేయడమేనని 2018లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు ఒప్పుకుంది. కరెంటు పనికోసం గనక ఈ సోదా సమంజసమే అని వదిలేసింది గానీ, పోలీసుల చేతికి సులువుగా వెడితేనో, ఇంకా దగ్గర దగ్గరగా అంకెలు తీస్తేనో మాట మారుతుందని హెచ్చరించింది.

మన సుప్రీంకోర్టు ఏం తక్కువ తినలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠంతో, గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకి పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం సమాచారం ఎవరికి సంబంధించిందో వారికి హక్కులుంటాయి. ఇక్కడే నా ప్రశ్న. మీటరు సమాచారం ఎవరికి సంబంధించింది? బిల్లు మీద పేరున్నవారికా, ఆ బిల్లులో బతుకున్నవారికా? ఆయన సంతకం పెట్టి నా దినచర్య ఇచ్చేస్తే అది అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు కాదూ?

పోనీ ఏం చేయమంటావు అంటారేమో. మీటరు పగలగొట్టమని చెప్పను. దానికి పని తగ్గించమంటాను. బిల్లుకి కావలసింది నెలకో మొత్తం. వేళని బట్టి రేటు పెడితే ఎండవేళ ఇంత, రద్దీ వేళ ఇంత, మామూలు వేళ ఇంత — మూడు మొత్తాలు. ఆ కూడిక మీటరు తనలో తనే చేసుకోగలదు. అరగంట అంకెలు ఇల్లు దాటి పోనక్కరలేదు. దొంగతనం పట్టాలంటే వీధి చివర ట్రాన్స్‌ఫార్మరుకి మీటరు పెట్టి, అక్కడి మొత్తాన్నీ ఇళ్ళ మొత్తాన్నీ పోల్చుకోవచ్చు. వీధికెంత కావాలో కూడా అక్కడే తెలుస్తుంది. అంతకు మించి కావాలంటే, ఎందుకో, ఎన్నాళ్ళు దాస్తారో, ఎవరికిస్తారో మనకి అర్థమయ్యే తెలుగులో రాసి అడగాలి. వద్దంటే వద్దనే అర్థం వుండాలి. కోర్టు ఉత్తర్వు లేకుండా పోలీసులకీ, ఏ ఉత్తర్వు వున్నా సరుకులమ్మేవాళ్ళకీ ఇవ్వకూడదు. యాప్‌లో నెల మొత్తం చూపిస్తే చాలు. అరగంట లెక్క తెరవాలంటే ఇంట్లో వున్న పెద్దవాళ్ళందరి ఒప్పుదల కావాలి, ఖాతాదారు ఒక్కరిది చాలదు.

ఇవన్నీ ఎవరికి చెప్పాలి? రేట్లు ఖరారు చేసేముందు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ విద్యుత్ నియంత్రణ మండళ్ళు బహిరంగ విచారణ పెడతాయి. అభ్యంతరాలు రాసి పంపమంటాయి, వచ్చి మాట్లాడమంటాయి. పరిశ్రమలవాళ్ళు వెడతారు, రైతుసంఘాలవాళ్ళు వెడతారు, పార్టీలవాళ్ళు వెడతారు. మనలో ఎంతమందిమి వెళ్ళాం? రద్దీ వేళ ఏదో తేల్చే చోట, ఆ వేళలో పొయ్యి దగ్గర నిలబడే మనిషి మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు? ఒక పోస్టుకవరు ఖరీదెంత? మహిళా మండలి తరఫున పదిమంది సంతకాలు చేసి పంపడానికి ఎంతసేపు పడుతుంది?

మనం కరెంటు కొనుక్కుంటున్నాం. వాడినదానికల్లా అణా పైసలతో సహా చెల్లిస్తున్నాం, ఇప్పుడైతే ముందుగానే చెల్లించమంటున్నారు. అంతవరకే బేరం. మన తెల్లవారుజాములూ, మధ్యాహ్నాలూ ఆ బేరంలో లేవు. అమ్మని సరుకుని ఎవరైనా మూటగట్టుకుని పోతుంటే, మొహమాటపడి ఊరుకోవడం మర్యాద అనిపించుకోదు.